గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల లెక్కలు: అపోహలు, వాస్తవాలు

ఉమ్మడి వరంగల్ ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల రిజిస్టర్లు తిరగేయడం నా ఉద్యోగంలో భాగం. అక్కడ తరచూ వినే మాటలివి.

అపోహ: ఎక్కువ మందికి పరీక్ష చేసిన కేంద్రమే మంచి కేంద్రం.

వాస్తవం: ఎంతమందిలో ఎంతమందికి? 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి వీఐఏ పరీక్ష (ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది కంటితో చూడటం) చేయాలన్నది ప్రభుత్వ నియమం. శిబిరం పెట్టినప్పుడల్లా రోడ్డు పక్క ఇళ్లవాళ్లే వస్తే అంకె పెరుగుతుంది గాని, తండాలోని మహిళకు ఒరిగేదేమీ లేదు.

అపోహ: పాజిటివ్‌లు రాలేదు కాబట్టి మా దగ్గర జబ్బు లేదు.

వాస్తవం: అలాంటి రిజిస్టర్‌నే నేను ముందుగా అనుమానిస్తాను. తొలిసారి వీఐఏ చేయించుకునేవారిలో సాధారణంగా 5 నుంచి 10 శాతం మంది పాజిటివ్‌గా తేలతారు. 3–5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్ది నిండా ఒక నిమిషం ఆగితేనే, మార్పులున్నచోట తెల్లమచ్చ కనిపిస్తుంది; పాజిటివ్ అంటే అదే. బయట వరుస పెరిగితే ముందు కోతపడేది ఆ నిమిషానికే. టార్చిలైటు బ్యాటరీ సంగతి సరేసరి. ఇక పాజిటివ్‌లు కుప్పలుగా వచ్చినచోట మామూలు ఇన్‌ఫెక్షన్‌నూ మచ్చగా రాస్తున్నారేమో చూడాలి.

అపోహ: రిఫరల్ చీటీ రాశాం, మా పని అయిపోయింది.

వాస్తవం: చీటీతో ఎవరికీ నయం కాదు. ఏటూరునాగారం అవతలి ఊరి నుంచి వరంగల్ రావాలంటే ఒక రోజు కూలీ పోతుంది, తోడుగా ఒక మనిషి కావాలి. పత్తి ఏరే రోజుల్లో రమ్మంటే, "ఏరడం అయ్యాక వస్తాను మేడమ్" అంటారు. రిజిస్టర్‌లో ఉన్న ఫోను నంబరేమో హైదరాబాద్‌లో పనిచేసే కొడుకుది. ఇలాంటి విషయం అతనికెలా చెబుతాం? అందుకే ఆశా కార్యకర్త నంబరు కూడా రాయమంటాను. ప్రతి పాజిటివ్ పేరు ఎదురుగా నాలుగు తేదీలు అడుగుతాను: పరీక్ష, కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం), చికిత్స, ఏడాది తర్వాత మళ్లీ చూసిన రోజు. జబ్బు తేలినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలన్నది 2030 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యం. మన రిజిస్టర్లలో ఆ మూడోదైన చికిత్స తేదీ దగ్గరే ఖాళీలు ఎక్కువ.

అపోహ: పాజిటివ్ అంటే క్యాన్సరే, గర్భసంచి తీయించుకోవాలి.

వాస్తవం: చాలామందిలో క్యాన్సర్ ఉండదు, కొందరిలో దానికి ముందు దశ మార్పులుంటాయి. తగినవారికి థర్మల్ అబ్లేషన్‌తో ఆ భాగం వరకే కాల్చి నయం చేయవచ్చు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదొకటి. మచ్చ ఉందని చెప్పి, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అయినా చేయకుండా గర్భసంచి తీసేస్తే దాన్ని 'చికిత్స పూర్తి' గడిలో రాయడానికి నేను ఒప్పుకోను.

అపోహ: ముట్లు ఆగినవారికీ వీఐఏ సరిపోతుంది.

వాస్తవం: వయసు మళ్లాక, మార్పులు మొదలయ్యే భాగం లోపలికి జరిగిపోయి కంటికి ఆనదు. వారికి హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందో లేదో చూసేది) మేలు. ఆ వసతి లేకపోతే 'నెగిటివ్' అని కాకుండా 'పూర్తిగా కనిపించలేదు' అని రాసి పై ఆసుపత్రికి పంపాలి.