ఉచిత విహారయాత్ర, గంటన్నర ప్రెజెంటేషన్: అపోహలు - వాస్తవాలు

నేను వినియోగదారుల కమిషన్లలో కేసులు వాదించే న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో హాలిడే క్లబ్ సభ్యత్వాలవి, అంటే ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రాత్రులు రిసార్టు గది వాడుకునే పథకాలవి, ఒక కట్ట ఎప్పుడూ ఉంటుంది. అవి దాదాపు ఒకేలా మొదలవుతాయి. షాపింగ్ మాల్‌లోనో, పెట్రోలు బంకులోనో, ఎగ్జిబిషన్‌లోనో ఎవరో నవ్వుతూ ఒక చీటీ చేతికిస్తారు. పేరు, ఫోను నంబరు, పెళ్లయిందా, కారుందా, క్రెడిట్ కార్డుందా అని అందులో అడుగుతారు. వారం తిరగకుండా ఫోను వస్తుంది. ‘లక్కీ డ్రాలో మీ పేరు వచ్చింది. మూడు రాత్రులు, నాలుగు పగళ్ల విహారయాత్ర ఉచితం. ఆదివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ హోటల్‌కు రండి, భోజనం కూడా మాదే.’

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇదే ఆహ్వానం ఆర్లాండో, లాస్ వేగస్ పేర్లతో వస్తుంది. 99 డాలర్లకో 199 డాలర్లకో మూడు రాత్రుల గది, పైన ఒక బహుమతి కార్డు. షరతు ఒక్కటే, టైమ్‌షేర్ (ఇలాంటి సభ్యత్వానికే అక్కడి పేరు) అమ్మే ప్రెజెంటేషన్‌లో గంటన్నరో రెండు గంటలో కూర్చోవాలి.

సంతకం చేశాక వచ్చేవారికంటే, వెళ్లాలా వద్దా అని ముందే అడిగేవారికి నేను చేయగలిగే సాయం ఎక్కువ. ఇది అలా అడిగేవారి కోసం.

అపోహ: లక్కీ డ్రాలో గెలిచాం కాబట్టి ఆ యాత్ర మన సొంతం.

వాస్తవం: గెలిచింది ఏమీ లేదు. కొనగల శక్తి ఉన్న దంపతులను ఏరుకోవడానికే చీటీలోని ఆ ప్రశ్నలు. అమెరికాలో అయితే ఇంత ఆదాయం ఉండాలి, ఇంత వయసు ఉండాలి, జంట ఇద్దరూ రావాలి అని షరతుల్లోనే రాస్తారు. బహుమతులు చూపి పిలిచేవారు అది టైమ్‌షేర్ అమ్మకం కోసమేనని ప్రకటనలో తెలియజేయాలని ఆర్లాండో ఉన్న ఫ్లోరిడా రాష్ట్ర చట్టం నిర్దేశిస్తుంది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడాన్ని, ధరలో కలిపేసిన దాన్ని ఉచితమని నమ్మించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగానే చెబుతుంది. చట్టం మీ పక్షాన ఉంది. అయినా మూడు రాత్రుల గది కోసం కమిషన్ మెట్లెక్కేవారిని నేను చాలా తక్కువగా చూశాను, ఆ సంగతి అమ్మేవారికి బాగా తెలుసు.

అపోహ: గది ఉచితం అంటే ఖర్చు లేనట్టే.

వాస్తవం: వోచర్ వెనక్కి తిప్పి చదవండి. ప్రయాణ ఖర్చు మీదే. పన్నులు మీవే. రోజుకు ఇంత అని ‘యుటిలిటీ చార్జీలు’ ఉంటాయి. కొన్నిచోట్ల భోజనం అక్కడే చేయాలన్న నియమం ఉంటుంది. నెల, నెలన్నర ముందే తేదీలు మూడు రాసి పంపాలి, వాటిలో ఏది ఖాళీ ఉంటే అదే. శని ఆదివారాలు, పండుగలు, వేసవి సెలవులు లేవు.

ఒక లెక్క వేద్దాం. గది అద్దె రోజుకు 3,500 రూపాయలు అనుకుంటే మూడు రాత్రులకు 10,500. అందులో రోజుకు 1,200 చొప్పున చార్జీలు, అంటే 3,600 మీరే కడతారు. మిగిలే లాభం 6,900. అదే గదిని రద్దీ లేని రోజుల్లో ఇంటర్నెట్‌లో వెతికితే 2,500కే దొరికిందనుకోండి, నిజమైన లాభం 3,900కు పడిపోతుంది. ఒక ఆదివారం సాయంత్రానికి, ఆ సాయంత్రం మీ మీద పడే ఒత్తిడికి అది సరిపోతుందా? మీరు ఎలాగూ వెళ్లాలనుకున్న ఊరు, మీకు కుదిరే తేదీలు అయితే ఈ లెక్క కొంత మారుతుంది. ఉచితం కదా అని ఎన్నడూ అనుకోని ఊరికి బయలుదేరితే మాత్రం రైలు టికెట్ల దగ్గరే అది ఖరీదైన యాత్ర అవుతుంది.

అమెరికా ఆఫర్లు ఈ విషయంలో కొంత మెరుగు. గది నిజంగానే ఇస్తారు, బహుమతి కార్డు చాలావరకు చేతికి వస్తుంది. అయితే ప్రెజెంటేషన్‌కు రాకపోయినా, మధ్యలో లేచి వచ్చినా, అర్హత లేదని తేలినా గది పూర్తి ధరను మీ కార్డు నుంచి తీసుకునే షరతు సాధారణంగా ఉంటుంది. డబ్బు కట్టేముందు ఆ ఒక్క వాక్యాన్ని వెతకండి.

అపోహ: మేం చదువుకున్నవాళ్లం, విని వచ్చేస్తాం, కొనం.

వాస్తవం: నా ఫైళ్లలో ఉన్నవారిలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లే. బ్యాంకు అధికారులు, ఇంజినీర్లు, ఉపాధ్యాయులు. అక్కడ పనిచేసేది తెలివి కాదు, మొహమాటం. జంటకో బల్ల, బల్లకో సేల్స్ మనిషి. ముందు మీ పిల్లల గురించి, సొంతూరి గురించి ఆప్యాయంగా అడుగుతాడు. తర్వాత ‘ఏటా విహారయాత్రలకు ఎంత ఖర్చు పెడతారు సార్?’ అంటాడు. మీరు చెప్పిన అంకెకు ధరల పెరుగుదల కలిపి పాతికేళ్లకు గుణిస్తాడు. కాగితం మీద ముప్పై లక్షలు కనబడతాయి, పక్కన సభ్యత్వం ధర మూడు లక్షలు. పాటలు పెద్దగా మోగుతుంటాయి, ఎవరో సంతకం చేయగానే హాలంతా చప్పట్లు. మీరు వద్దంటే మేనేజర్ వచ్చి ధర తగ్గిస్తాడు. ‘ఈ రోజుకే’ అంటాడు.

పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు నాతో అన్న మాట మరచిపోలేను: ‘ఆ అబ్బాయి మూడు గంటలు మా కోసం కూర్చున్నాడమ్మా. అన్నం కూడా పెట్టారు. వద్దని చెప్పడానికి నోరు రాలేదు.’ ఆమె పింఛను డబ్బులోంచి లక్షా డెబ్బై వేలు అలా పోయాయి. పెట్టిన అన్నానికి రుణపడే మన పెంపకాన్ని ఇలా వాడుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

అందుకే నా సలహా కఠినంగానే ఉంటుంది. వెళ్లాలనుకుంటే క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు రెండూ ఇంట్లో పెట్టి వెళ్లండి, ఫోన్‌లో డబ్బు పంపే యాప్ తీసేసి వెళ్లండి. కార్డు చూపనిదే బహుమతి ఇవ్వం అంటే అక్కడి నుంచే వెనక్కి రండి. ఏ కాగితమైనా ఇంటికి తీసుకెళ్లి చదువుతాం అని చెప్పండి. ఇంటికి ఇవ్వలేని ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. దంపతుల్లో ఒకరికైనా మొహమాటం ఎక్కువ అయితే అసలు వెళ్లకండి.

అపోహ: నచ్చకపోతే పది రోజుల్లో రద్దు చేసుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే, ఎందుకంటే ఇది ఒకచోట నిజం. ఫ్లోరిడాలో టైమ్‌షేర్ కొన్నవారికి సంతకం చేసిన రోజు నుంచి గానీ, చట్టప్రకారం ఇవ్వాల్సిన పత్రాలన్నీ అందిన రోజు నుంచి గానీ, ఏది తర్వాత అయితే అక్కడి నుంచి పది రోజుల గడువు ఉంది. ఆ హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చినా చెల్లదు. లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో గడువు ఐదు రోజులు. ఐరోపా సమాఖ్య దేశాల్లో పద్నాలుగు రోజులు. రద్దు లేఖ రాతపూర్వకంగా, ఒప్పందంలో చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలో వెళ్లాలి. ఫోనులో చెబితే సరిపోదు. ఆర్లాండోలో ఉన్న తెలుగు కుటుంబం సంతకం చేసి బాధపడుతుంటే నేను చెప్పేది ఒకటే, మిగతా యాత్ర ఆపి ఈ రోజే పోస్టాఫీసుకు వెళ్లండి.

మన దేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు, ఇన్ని రోజుల్లో వెనక్కి తగ్గవచ్చన్న చట్టబద్ధ గడువూ లేదు. కొన్ని సంస్థలు తమ ఒప్పందంలోనే ఆ వీలు రాసుకుంటాయి. కాబట్టి చూడాల్సింది ఒప్పందం. సేల్స్ మనిషి నోటిమాట కాదు. చాలా ఒప్పందాల్లో ‘మౌఖిక హామీలకు సంస్థ బాధ్యత వహించదు’ అన్న వాక్యం ఉంటుంది. అతను చెప్పిన ప్రతి హామీని అక్కడే వాట్సాప్‌లో పంపమని అడగండి. పంపనంటే ఆ హామీ లేనట్టే. పంపితే రేపు అది మీ చేతిలో సాక్ష్యం.

అపోహ: సభ్యత్వం ఒక ఆస్తి, అవసరమైతే అమ్ముకోవచ్చు.

వాస్తవం: మీరు కొనేది సాధారణంగా గదిని వాడుకునే హక్కు మాత్రమే. దానికి ఏటా నిర్వహణ రుసుము ఉంటుంది, వెళ్లని ఏడాది కూడా కట్టాలి, అది పెరుగుతూ పోతుంది. అమెరికాలో వేల డాలర్లు పెట్టి కొన్న టైమ్‌షేర్లను ఒక డాలరుకు ఇస్తామన్నా తీసుకునేవారు దొరకని సందర్భాలు సాధారణం. అమ్మిపెడతామని ముందుగా డబ్బు అడిగేవారితో మరీ జాగ్రత్త, అది రెండో మోసం.

గదుల రాత్రులు కొంటే కొన్నేళ్లకు లాభంతో తిరిగిస్తాం అని ఎవరైనా అంటే వెంటనే లేచి రండి. పాన్‌కార్డ్ క్లబ్స్ సంస్థ హోటల్ గదుల పథకాల పేరుతో 50 లక్షల మందికి పైగా ప్రజల నుంచి సేకరించిన 7,000 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును తిరిగి ఇవ్వాలని పెట్టుబడుల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2016లో ఆదేశించింది. ఆదేశం వచ్చినంత వేగంగా డబ్బు రాలేదు.

ఇంకో మాట. మన పిల్లల సెలవులు దసరాకు, సంక్రాంతికి, మేలో వస్తాయి. అందరికీ అవే వారాలు కావాలి. తక్కువ ధరకు వచ్చే సభ్యత్వాలు సాధారణంగా ఆ వారాలు ఇవ్వవు.

అపోహ: ఒప్పందంలో ఢిల్లీ కోర్టులకే అధికారం అని ఉంది, ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు మధ్యవర్తి తీర్పు) అని ఉంది, ఇక చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: ఉంది. 2019 చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. కారణం తలెత్తిన రెండేళ్లలో వేయాలి, ‘వచ్చే నెల వాపసు ఇస్తాం’ అన్న మాటలు నమ్మి ఆ గడువు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచుకోండి.

ఆ ఉపాధ్యాయురాలి కేసులో మాకు పనికొచ్చింది ఒక చిన్న కాగితం. ప్రెజెంటేషన్ రోజు సేల్స్ అబ్బాయి ‘ఏటా ఏడు రాత్రులు, ఏ సీజన్ అయినా’ అని తన చేత్తో రాసి లెక్క చూపిన తెల్ల కాగితం అది. ఆమె దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. ఒప్పందంలో మాత్రం పండుగ వారాలు లేవు. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాం.