ఎడారి మిణుగురులు: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఎడారిలో మిణుగురులు బతకవు.

వాస్తవం: అమెరికాలో రాకీ పర్వతాలకు పడమట మిణుగురులే లేవని అక్కడివారే చాలామంది నమ్ముతారు. అయితే యూటా రాష్ట్రపు పొడి లోయల్లో, ఊటనీటితో తడిసే పచ్చికబయళ్లలో పైరాక్టోమెనా డిస్పర్సా అనే మిణుగురు జాతి మెరుస్తుంది. దాని లార్వాలకు (గుడ్డు నుంచి వచ్చే పిల్ల పురుగులకు) ఆహారం నత్తలు, నత్తలకు తడి కావాలి. కాబట్టి ఎడారిలో మిణుగురులను వెతకాల్సింది ఊటలాంటి తడి ఉన్నచోటే.

అపోహ: మెరిసేవన్నీ దగ్గరి చుట్టాలు, మెరవనివి దూరపు చుట్టాలు.

వాస్తవం: మిణుగురు కుటుంబంలో 2,200కు పైగా జాతులున్నాయి. మనకు తెలిసినంతవరకు లార్వాలన్నీ వెలుగుతాయి. ఆ వెలుగు మొదట శత్రువులకు హెచ్చరికగా పుట్టి, తరువాత జతను పిలిచే సంకేతమైందని పరిణామ వృక్షాలు సూచిస్తున్నాయి. పగలు తిరిగే ఎల్లిక్నియా అనే మిణుగురు పెద్దయ్యాక మెరవదు, వాసనతోనే జతను వెతుక్కుంటుంది. అయినా 2007లో డీఎన్‌ఏ ఆధారంగా గీసిన వంశవృక్షంలో అది మెరిసే ఫొటైనస్ అనే మిణుగురుల కొమ్మలోనే కనిపించింది.

అపోహ: పక్కపక్క లోయల్లోని గుంపులు జన్యుపరంగా ఒకటే.

వాస్తవం: నా పని ఎక్కువగా ఈ ప్రశ్న మీదే. రెండు పచ్చికబయళ్ల మధ్య దూరం పది కిలోమీటర్లే కావచ్చు, కానీ ఆ పది కిలోమీటర్లూ ఎండిన నేలే అయితే రాకపోకలు తెగి, ప్రతి గుంపులోనూ జన్యువులు తమ దారిన తాము మారుతూ పోతాయి. సుమారు 18,000 ఏళ్ల క్రితం యూటా పడమటి భాగాన్ని బోనవిల్ అనే మహాసరస్సు ముంచెత్తింది; అది ఇంకి నేల ఎండిన కొద్దీ తడి చోట్లు దీవుల్లా విడిపోయి ఉండవచ్చు. ఆ విడిపోవడం పురుగుల డీఎన్‌ఏలో ఎంతవరకు కనిపిస్తుందో చూడడానికి ఒక్కో మిణుగురు నుంచి ఒక్క కాలు, వెంట్రుకంత సన్నటిది, ఆల్కహాల్ సీసాలో వేసుకుంటాము, అదే సరిపోతుంది. అందులోని మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) జన్యువు పది మిణుగురుల్లోనూ ఒకేలా ఉంటే వైవిధ్యమే లేదని తొందరపడకూడదు. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది గనుక సగం కథే చెబుతుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చే కణ కేంద్రకపు డీఎన్‌ఏలో వేల చోట్లను చదివితే తప్ప గుంపుల మధ్య చుట్టరికం తేలదు.

అపోహ: తగ్గినచోట వేరే ప్రాంతపు మిణుగురులను తెచ్చి వదిలితే చాలు.

వాస్తవం: అలా వదిలితే వేల ఏళ్లుగా ఆ ఊటకు అలవాటుపడిన వంశం కలగాపులగం కావచ్చు. మరీ చిన్నదై, దగ్గరి చుట్టాల మధ్యే సంతానం కలిగే గుంపుకు కొత్త జన్యువులు మేలూ చేయవచ్చు. అందుకే అలా తెచ్చి వదలాలా అని ఎవరైనా అడిగితే, ముందు ఆ పచ్చికలో ఊట ఇంకా పారుతోందా అని అడుగుతాను, ఆ తరువాతే డీఎన్‌ఏ సంగతి మాట్లాడతాను.