మూడు రోజులకే మందు మార్చాలా?

"నాన్నగారికి బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు. మూడు రోజులైనా పెద్దగా తగ్గలేదు. మందు మార్పించమంటారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. ఎంబీబీఎస్ రెండో ఏడాది పిల్లల్ని హాఫ్ లైఫ్ అంటే ఏమిటని అడిగితే, రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం అని ఠక్కున చెబుతారు. ఈ ప్రశ్న వేస్తే మాత్రం వాళ్లలో చాలామంది తడుముకుంటారు. డోసు పెంచుదామనే వాళ్లూ ఉంటారు.

అప్పు లెక్కతో చూద్దాం. నెలకు వంద రూపాయలు అప్పు తెస్తున్నాం. మళ్లీ తెచ్చేలోపు ఉన్న బాకీలో సగం తీరుస్తున్నాం. మొదటి నెల బాకీ 100. సగం తీర్చి ఇంకో వంద తెస్తే 150. తర్వాత 175, 187.5, 193.75. ఎన్నేళ్లు ఇలా తెచ్చినా 200 దాటదు, ఎందుకంటే అక్కడికి చేరాక తీర్చేదీ వందే, తెచ్చేదీ వందే. డోసు అప్పు అయితే, కాలేయమూ కిడ్నీలూ కట్టేది వాయిదా. ఇక్కడ నెల అంటే ఒక హాఫ్ లైఫ్ అనుకోండి. చాలా మందులు ఇలాగే నాలుగైదు హాఫ్ లైఫ్‌లు గడిచాకే నిలకడ స్థాయికి వస్తాయి. దీన్నే స్టెడీ స్టేట్ అంటాం. ఆమ్లోడిపిన్ హాఫ్ లైఫ్ 30 నుంచి 50 గంటలు. రోజుకో మాత్ర చొప్పున వేసుకుంటే ఆ స్థాయికి రావడానికి వారం పైనే పడుతుంది. మూడో రోజుకే అది పనిచేయడం లేదని తేల్చేయలేం. అయితే బీపీ మరీ ఎక్కువగా ఉన్నా, ఛాతీనొప్పి, ఆయాసం లాంటివి ఉన్నా వారం ఆగకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు నెలకు 200 తెద్దాం. బాకీ 400 దగ్గర ఆగుతుంది, కానీ పట్టే నెలలు అవే. డోసు పెంచితే స్థాయి పెరుగుతుంది తప్ప నిలకడకు వచ్చే సమయం తగ్గదు. త్వరగా 200కి చేరాలంటే మొదటి నెల ఒకేసారి 200 తెచ్చి, తర్వాత వందేసి తేవాలి. లోడింగ్ డోస్ అంటే అదే. సూదిమందు వేస్తేనే జబ్బు తగ్గుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. సూది మందును త్వరగా లోపలికి పంపుతుంది, నిజమే. లోపలికి వెళ్లాక కాలేయం, కిడ్నీలు దాన్ని బయటికి పంపే వేగం మాత్రం మారదు.

హాఫ్ లైఫ్ = 0.693 × వితరణ ఘనపరిమాణం ÷ క్లియరెన్స్. వితరణ ఘనపరిమాణం అంటే మందు ఒంట్లో ఎంత మేర పరుచుకుంటుందో చెప్పే కొలత; క్లియరెన్స్ అంటే రక్తంలోంచి మందును శరీరం తొలగించే వేగం. కిడ్నీలు దెబ్బతిని క్లియరెన్స్ పడిపోతే, సగానికి బదులు పావు వంతే తీర్చగలుగుతాం. అదే వందకు బాకీ 400కి పోతుంది, పైగా మరింత నెమ్మదిగా. గుండెజబ్బుకు ఇచ్చే డిజాక్సిన్ విషయంలో ఇదే భయం. మామూలుగా 36 నుంచి 48 గంటలుండే దాని హాఫ్ లైఫ్, కిడ్నీలు పూర్తిగా పనిచేయనప్పుడు నాలుగైదు రోజుల దాకా సాగుతుంది. డోసు తగ్గించకపోతే విషలక్షణాలు ఎప్పుడో, రోజులు గడిచాక బయటపడతాయి.

మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్‌ది మరో రకం లెక్క. దాన్ని విరగ్గొట్టే ఎంజైములకు ఒక పరిమితి ఉంది. బాకీ ఎంతున్నా నెలకు 90కి మించి కట్టలేని మనిషి వంద తెస్తూ పోతే బాకీ ఎక్కడా ఆగదు. అందుకే 300 మిల్లీగ్రాములతో కుదురుగా ఉన్న మూర్ఛ రోగికి 400 ఇస్తే, రక్తంలో మందు మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటి కళ్లు అదరడం, నడక తూలడం మొదలవ్వచ్చు. కొద్దికొద్దిగానే పెంచాలి.

మందును ఎంచుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఇచ్చిన పద్ధతిలో నాలుగు కొలతలున్నాయి: సామర్థ్యం, భద్రత, రోగికి అనువు, ఖర్చు. ఒక్కో జబ్బుకు విద్యార్థి తన పీ-డ్రగ్‌ను, అంటే తాను మామూలుగా రాసే సొంత మందును, వీటితో తూచి ఎంచుకోవాలి. మన ఎంబీబీఎస్‌లో 2019 నుంచి అమలైన పాఠ్యప్రణాళికలోనూ ఇది ఉంది. మంచి పద్ధతే. కానీ పిల్లలు మందు పేరు ఎంచుకోవడంతోనే ఆగిపోతున్నారు. మళ్లీ ఎప్పుడు చూడాలో కూడా చీటీలో రాయించాలని నా పట్టుదల. అందుకే ప్రాక్టికల్స్‌లో ఈ ప్రశ్న ఇస్తాను: థైరాయిడ్ తక్కువైన వారికి థైరాక్సిన్ మొదలుపెట్టిన పదో రోజున టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వదిలే హార్మోన్) ఇంకా ఎక్కువగానే ఉంది, డోసు పెంచుతావా? థైరాక్సిన్ హాఫ్ లైఫ్ దాదాపు ఏడు రోజులు. ఐదు హాఫ్ లైఫ్‌లంటే 35 రోజులు, ఆపైన పిట్యూటరీ సర్దుకోవడానికి కొంత. "పెంచను, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తాను" అని లెక్కతో సహా రాస్తే పూర్తి మార్కులు వేస్తాను.