కౌంట్ పెరిగితే సరిపోతుందా?

ప్రియమైన పిల్లలకు,

కొత్త మందు పనిచేసిందో లేదో తెలియాలంటే రక్తపరీక్ష చాలు కదా అమ్మమ్మా అని మొన్న ఫోన్‌లో అడిగారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు నర్సుగా సేవ చేసినదాన్ని కాబట్టి ఆ జబ్బు గురించే రాస్తాను.

హెచ్‌ఐవీ మన ఒంట్లో రోగాలను ఎదిరించే సీడీ4 కణాలను నాశనం చేస్తుంది. వాటి కౌంట్, అంటే ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో అవి ఎన్ని ఉన్నాయో చూస్తే, జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుంది. మందు ప్రాణం కాపాడిందా అని తేల్చాలంటే ఏళ్లు ఆగాలి. కౌంట్ అయితే నెలల్లోనే మారుతుంది. చుట్టూ మనుషులు చనిపోతుంటే పరిశోధకులు కౌంట్ చూసి మందు సంగతి తేల్చాలనుకోవడాన్ని నేను తప్పుపట్టను.

కానీ రోగాలను ఎదిరించే కణాలు పెరిగేలా చేసే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీన్ విషయంలో ఏమైందో చూడండి. దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే సీడీ4 కౌంట్ బాగా పెరిగేది. ఎస్‌ప్రిట్ అనే ట్రయల్‌లో, అంటే మందును మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనంలో, 4,111 మందిని చేర్చుకుని, సుమారు సగం మందికి మామూలు హెచ్‌ఐవీ మందులతో పాటు దీన్నీ ఇచ్చి, ఏళ్ల తరబడి గమనించారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. కౌంట్ పెరిగింది. జబ్బులు తగ్గలేదు, చావులూ తగ్గలేదు. పైగా తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు ఎక్కువయ్యాయి. కౌంట్ ఒక్కటే చూసి ఊరుకుంటే ఆ ఇంజెక్షన్లు ఇంకా ఎంతమందికి పొడిచేవాళ్లో!

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది స్మార్ట్ ట్రయల్. 33 దేశాల్లో 5,472 మంది చేరారు. హెచ్‌ఐవీ మందుల వల్ల గుండె, కిడ్నీ, లివర్ దెబ్బతింటాయేమోనని అప్పట్లో భయం ఉండేది. అందుకని ఒక గుంపువాళ్లకు కౌంట్ 350 దాటితే మందులు ఆపి, 250 కంటే తగ్గాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఎయిడ్స్ జబ్బులు (రోగాలను ఎదిరించే శక్తి బాగా తగ్గిపోవడం వల్ల వచ్చేవి), మరణాలతో పాటు గుండె, కిడ్నీ, లివర్ జబ్బులను కూడా లెక్కపెడతామని పరిశోధకులు ముందే రాసిపెట్టుకున్నారు. మందులు ఆపితే అవి తగ్గుతాయని వాళ్ల ఆశ. జరిగింది వేరు. మందులు ఆపినవాళ్లలో మరణాలే కాదు, ఆ జబ్బులు కూడా పెరిగాయి. 2006 జనవరిలో ఆ పద్ధతి ఆపేశారు. ఎయిడ్స్ జబ్బులు మాత్రమే లెక్కపెట్టి ఉంటే, అదుపులేని వైరస్ గుండెకు కూడా చేటు చేస్తుందన్న అనుమానం ఇంకెప్పటికి వచ్చేదో.

ఆ తర్వాత వచ్చిన స్టార్ట్ ట్రయల్‌లో తీవ్రమైన ఎయిడ్స్ జబ్బులు, ఎయిడ్స్‌కు సంబంధించని తీవ్రమైన జబ్బులు, మరణం అన్నిటినీ కలిపి ఒకే ఫలితంగా లెక్కించారు. కౌంట్ పడిపోయేదాకా ఆగకుండా వెంటనే మందులు మొదలుపెట్టినవాళ్లలో ఆ ముప్పు 57 శాతం తగ్గిందని 2015లో తేలింది. మన దేశంలో కూడా 2017 నుంచి కౌంట్‌తో పనిలేకుండా మందులు ఇస్తున్నారు. అయితే ఇలా కలిపి లెక్కించడంలో ఒక చిక్కుంది. నయమయ్యే జబ్బుకూ చావుకూ ఒకే విలువ వస్తుంది. అందుకే దేనికది విడిగా కూడా చూపించమని అడగాలి.

ఇక పరీక్షలకు అందని బాధలున్నాయి. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆరు రాష్ట్రాల్లో ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ మందుల్లో ఉండే స్టావుడిన్ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ కొందరికి అరికాళ్లలో మంటలు పుట్టేవి, బుగ్గలు లోపలికి పోయేవి. ముఖం చూసి ఊళ్లో వాళ్లు పోల్చుకుంటారేమోనన్న టెన్షన్‌తో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసినవాళ్లుంటారు. రిపోర్టులో మాత్రం వాళ్లు బాగున్నట్టే. స్టావుడిన్ వాడకం తగ్గిస్తూ మానేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. నిద్ర పడుతోందా, పనికి వెళ్లగలుగుతున్నారా, నలుగురిలోకి రాగలుగుతున్నారా అనేవి కూడా ఫలితాలే. వాటిని రోగినే అడగాలి, అడిగింది రాయాలి.

ఏం కొలవాలో నిర్ణయించేటప్పుడు ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లు కూడా అక్కడ కూర్చోవాలని నేను గట్టిగా నమ్ముతాను. 1983లోనే అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ ఉన్నవాళ్లు కొందరు కూడి, తమ గురించి నిర్ణయాలు జరిగే ప్రతిచోటా తమకూ సమానంగా చోటు కావాలని రాసి ప్రకటించారు. అప్పటికి హెచ్‌ఐవీకి ఒక్క మందు కూడా లేదు.

మీ అమ్మమ్మ