పొగ పోయింది, నికోటిన్ మిగిలింది

1963లో అమెరికాలో రెండు కాగితాలు తయారయ్యాయి. వాటిని రాసినవాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మొదటిది పేటెంట్ దరఖాస్తు. హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన పొగాకు లేకుండా, నిప్పు లేకుండా, రుచులు కలిపిన వెచ్చటి తేమగాలిని పీల్చుకునే పరికరం ఒకటి ఆలోచించాడు. అందులో నికోటిన్ లేదు. 1965లో పేటెంట్ వచ్చింది గానీ, దాన్ని తయారుచేసి అమ్మడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. రెండోది బ్రౌన్ అండ్ విలియమ్సన్ అనే సిగరెట్ కంపెనీలో ప్రధాన న్యాయవాది అడిసన్ యేమన్ లోపలివాళ్ల కోసం రాసిన నోట్. నికోటిన్ వ్యసనం చేసే పదార్థం, కాబట్టి మన వ్యాపారం నికోటిన్ అమ్మడమే అని అందులో తేటతెల్లంగా ఉంది. ఆ కాగితం 1994 దాకా బయటివాళ్ల కంట పడలేదు.

ఈ రోజు టీనేజర్ల జేబుల్లో ఉంటున్న వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఇ-సిగరెట్, ఆ రెండు కాగితాలూ కలిస్తే తయారైన వస్తువు. గిల్బర్ట్ ఆలోచించిన పరికరంలో యేమన్ రాసిన పదార్థం పోశారు. పొగ పోయింది కాబట్టి ప్రమాదమూ పోయిందని చాలామంది పెద్దవాళ్లు నమ్మారు. వాళ్లు అలా ఎందుకు నమ్మారో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

నికోటిన్‌కు ఆ పేరు ఝాన్ నికో అనే ఫ్రెంచ్ రాయబారి వల్ల వచ్చింది. పోర్చుగల్‌లో పనిచేస్తూ 1560 ప్రాంతంలో పొగాకును మందు మొక్కగా ఫ్రాన్స్ రాజదర్బారుకు పంపినవాడు ఆయన. పొగాకులోంచి ఆ పదార్థాన్ని విడిగా తీసింది మాత్రం 1828లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో, పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు. అది విషమని వాళ్లకు అప్పుడే తెలుసు. తర్వాత చాలాకాలం దాన్ని పురుగుమందుగా కూడా వాడారు.

నికోటిన్ ఒంట్లో దేన్ని పట్టుకుంటుందో చెప్పే గట్టి ఆధారం దొరికింది 1905లో. కేంబ్రిడ్జ్‌లో జాన్ లాంగ్లీ అనే శాస్త్రవేత్త కోడి కండరాల మీద నికోటిన్ ప్రయోగించి చూశాడు. కండరంలోనే ఏదో ఒక ‘అందుకునే పదార్థం’ ఉండాలని, నికోటిన్ దాన్నే పట్టుకుంటోందని తేల్చాడు. ఇప్పుడు మనం రిసెప్టర్ అంటున్న మాటకు పునాది అదే. మన నరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వాడతాయి. అది వచ్చి కూర్చునే చోటును తాళం అనుకుంటే, నికోటిన్ ఆ తాళానికి సరిపోయే దొంగ తాళంచెవి. ఈ తాళాలు కండరాల్లోనే కాదు, మెదడంతా ఉన్నాయి. శ్రద్ధ, జ్ఞాపకం, ఏదైనా సాధించినప్పుడు కలిగే తృప్తి, ఇవన్నీ వాటితో ముడిపడినవే. పీల్చిన నికోటిన్ మెదడుకు చేరడానికి పట్టే సమయం పది నుంచి ఇరవై సెకన్లు. చేరగానే డోపమైన్ విడుదలవుతుంది. ‘ఇది బాగుంది, గుర్తుపెట్టుకో’ అని మెదడు తనకు తాను చెప్పుకునే మాట లాంటిది డోపమైన్.

ఇంత తెలిసినా ఇరవయ్యో శతాబ్దంలో చర్చంతా ఊపిరితిత్తుల చుట్టూనే తిరిగింది. అందుకు కారణం ఉంది. సిగరెట్ పొగ లక్షల మందిని క్యాన్సర్‌తో చంపుతోంది. 1964లో అమెరికా సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టర్, ఇచ్చిన ప్రసిద్ధ నివేదిక ధూమపానానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని అధికారికంగా నిర్ధారించింది. అదే నివేదిక పొగాకును వ్యసనం అనలేదు, అలవాటు అంది. ఆ ఒక్క మాట తేడా సరిచేయడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది. 1988లో ఎవరెట్ కూప్ సర్జన్ జనరల్‌గా ఉండగా వచ్చిన నివేదిక, హెరాయిన్, కొకైన్ లాంటి వాటికి మనిషి ఎలా బానిస అవుతాడో నికోటిన్‌కూ అలాగే అవుతాడని చెప్పింది. అయినా 1994 ఏప్రిల్‌లో ఏడు పెద్ద సిగరెట్ కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగిస్తుందని తాము నమ్మడం లేదన్నారు. యేమన్ నోట్ పత్రికలకెక్కింది సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అది మంచి ఉద్దేశంతో చెప్పిన మాట. 1976లో బ్రిటన్ డాక్టర్ మైకేల్ రసెల్ ఇలా రాశాడు: జనం నికోటిన్ కోసం పొగ తాగుతారు, కానీ తారు (పొగలో ఉండే జిగట పదార్థం) వల్ల చనిపోతారు. ముప్పై ఏళ్లుగా సిగరెట్ మానలేకపోతున్న పెద్దమనిషి విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్ లాంటివి ఆ ఆలోచన వెంటే నడిచాయి, ఎంతోమంది ప్రాణాలు నిలిపాయి. కానీ ఆ మాట చెప్పింది అప్పటికే వ్యసనంలో ఉన్న పెద్దవాళ్ల గురించి. సిగరెట్ ఎన్నడూ ముట్టని పద్నాలుగేళ్ల పిల్ల గురించి కాదు. ఆ తేడాను మర్చిపోయిన చోటే కథ అడ్డం తిరిగింది.

కంపెనీలు మాత్రం పిల్లల్ని మర్చిపోలేదు. ఈరోజు టీనేజరే రేపు మనకు రోజువారీ కస్టమర్ కాగలడు అనే అర్థంలో ఫిలిప్ మోరిస్ కంపెనీ పరిశోధకుడు 1981లో రాసిన కాగితం తర్వాత కోర్టు కేసుల్లో బయటపడింది. రోజూ పొగతాగే పెద్దవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది పద్దెనిమిదేళ్లు నిండకముందే మొదటి సిగరెట్ రుచి చూసినవాళ్లు. ఈ లెక్క ఆరోగ్య శాఖల కన్నా ముందు వ్యాపారులకు అర్థమైంది.

టీనేజ్‌లోనే ఎందుకంత గట్టిగా పట్టుకుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు 1990ల చివర ఎంఆర్ఐ యంత్రాల నుంచి వచ్చింది. ఆరేళ్లకే మెదడు పరిమాణం పెద్దవాళ్ల మెదడుకు దగ్గరగా వస్తుంది కాబట్టి, పని అక్కడితో అయిపోయినట్టే అనుకునేవారు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి స్కాన్ చేసి, 1999లో ఫలితాలు ప్రచురించింది. యుక్తవయసు మొదలయ్యే వేళకు మెదడు ముందుభాగంలో బూడిదరంగు పదార్థం (నరకణాలు, వాటి కనెక్షన్లు ఉండే భాగం) పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వస్తోంది. అలా తగ్గడం నష్టం కాదు. తోటమాలి కొమ్మలు కత్తిరించినట్టు, వాడే కనెక్షన్లను ఉంచుకుని వాడనివాటిని మెదడు తీసేస్తోంది. ఉంచుకున్నవాటికి కొవ్వుపొర చుట్టి వేగం పెంచుతోంది. ఆవేశాన్ని ఆపడం, ముందూ వెనకా ఆలోచించడం చేసే ముందుభాగం అన్నిటికన్నా ఆఖరున, ఇరవై అయిదేళ్ల ప్రాంతంలో గానీ పూర్తవదు. సుఖాన్ని కోరే భాగం మాత్రం అప్పటికే జోరుమీద ఉంటుంది.

ఈ కత్తిరింపు, ఈ అల్లకం నడిపించేవాటిలో ఎసిటైల్‌కోలిన్ కూడా ఒకటి. ఇల్లు ఇంకా కడుతుండగానే దొంగ తాళంచెవి లోపలికి వచ్చిందన్నమాట.

డ్యూక్ విశ్వవిద్యాలయంలో థియోడర్ స్లాట్కిన్, ఎడ్వర్డ్ లెవిన్ లాంటివాళ్లు ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో ఇది కళ్లకు కట్టింది. కౌమారంలో నికోటిన్ ఇచ్చిన ఎలుకల మెదడులో రిసెప్టర్ల సంఖ్య పెరిగి, నికోటిన్ ఆపేసిన తర్వాత కూడా చాలాకాలం అలాగే ఉంది. ఆ వయసులో మొదలుపెట్టినవి, పెద్దయ్యాక మొదలుపెట్టినవాటికన్నా ఎక్కువ నికోటిన్ తీసుకున్నాయి. 2011లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు, కౌమారంలో నికోటిన్ తగిలిన ఎలుకలు పెద్దయ్యాక శ్రద్ధ పెట్టాల్సిన పనుల్లో తప్పులు చేస్తున్నాయని చూపించారు. ఎలుకల్లో జరిగిందంతా పిల్లల్లో అచ్చుగుద్దినట్టు జరుగుతుందని చెప్పడం సరికాదు. పిల్లలకు నికోటిన్ ఇచ్చి పరీక్షించడం ఎవరూ చేయరు, చేయకూడదు. కానీ మెదడు కట్టుబడిలో ఆ రిసెప్టర్లు చేసే పని ఎలుకకూ మనిషికీ చాలావరకు ఒక్కటే.

పిల్లల్నే నేరుగా అడిగి తెలుసుకున్నవాడు జోసెఫ్ డిఫ్రాంజా. మసాచుసెట్స్‌లో ఫ్యామిలీ డాక్టర్ ఆయన. రోజూ పది సిగరెట్లు, అదీ ఏళ్లతరబడి తాగితే గానీ వ్యసనం కాదని పుస్తకాల్లో ఉండేది. ఆయన దగ్గరికి వచ్చే పిల్లలు మాత్రం, ఎప్పుడో ఒకటి తాగుతున్నా మానలేకపోతున్నామనేవారు. వాళ్ల మాటను కొట్టిపారేయకుండా ఆయన ఏడో తరగతి పిల్లలు దాదాపు 680 మందిని ఎంచుకుని, వాళ్లతో మళ్లీ మళ్లీ మాట్లాడించాడు. ఎన్ని తాగావు అని మాత్రమే అడగలేదు. మానాలనుకుని మానలేకపోయావా, తాగకూడని చోట ఆపుకోవడం కష్టంగా ఉందా, తాగకపోతే చిరాకొస్తుందా, చదువు మీద మనసు నిలవడం లేదా, ఇలా అడిగాడు. 2000లో ఆ ఫలితాలు వచ్చాయి. కొంతమంది పిల్లల్లో ఈ లక్షణాలు మొదటి కొద్ది వారాల్లోనే, ఒక్కొక్కరిలో రోజుల్లోనే, రోజూ తాగడం మొదలుపెట్టకముందే కనిపించాయి. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా విలువైన పని ఇదే అనిపిస్తుంది. ఒక డాక్టర్ పిల్లల మాట నమ్మాడు.

‘టెన్షన్ తగ్గుతుంది, అందుకే తాగుతున్నా’ అని టీనేజర్లు తరచూ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఒక దమ్ము లాగగానే నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ రక్తంలో నికోటిన్ దాదాపు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. పడిపోతున్నకొద్దీ ఆకలిగొన్న రిసెప్టర్లు చిరాకు, ఆందోళన, మనసు నిలవకపోవడం రూపంలో బయటపడతాయి. క్లాసులో కూర్చున్న పిల్లాడికి ఆ చిరాకు పరీక్షల వల్ల అనిపిస్తుంది, అమ్మానాన్నల వల్ల అనిపిస్తుంది. మళ్లీ ఒక దమ్ము లాగితే తగ్గుతుంది. తగ్గించింది ఏదో, తెచ్చిపెట్టింది కూడా అదే అని ఆ వయసులో కనిపెట్టడం చాలా కష్టం.

ఇప్పుడు పరికరం సంగతి. 2003లో చైనా ఫార్మసిస్ట్ హాన్ లిక్ ఇప్పటి తరహా ఇ-సిగరెట్ తయారుచేశాడు. ఆయన తానూ పొగతాగేవాడు, తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. పెద్దవాళ్లను సిగరెట్ నుంచి బయటపడేయాలన్నదే ఆయన తాపత్రయం. బ్యాటరీ, ద్రవాన్ని సన్నటి తుంపరగా మార్చే చిన్న భాగం, గ్లిజరిన్ లాంటి ద్రవంలో కలిపిన నికోటిన్, ఇంతే. మొదట్లో వచ్చినవాటిలో నికోటిన్ అంత గట్టిగా అందేది కాదు.

అసలు మలుపు 2015లో జూల్ అనే అమెరికా వేప్‌తో వచ్చింది. చూడటానికి పెన్ డ్రైవ్‌లా ఉంటుంది, అరచేతిలో మూసేస్తే కనపడదు. లోపల జరిగిన మార్పు ఇంకా పెద్దది. మామూలు నికోటిన్ క్షార గుణంతో ఉంటుంది, గాఢత పెంచితే గొంతు భగ్గుమంటుంది. కొత్తగా పీల్చేవాళ్లకు దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఒక రకంగా ఆ దగ్గే పిల్లలకు కాపలా. బెంజోయిక్ యాసిడ్ కలిపి నికోటిన్‌ను లవణంగా మారిస్తే ఆ మంట పోతుంది. అప్పుడు ఎంత గాఢంగా ఉన్నా గొంతులోంచి మెత్తగా జారిపోతుంది. జూల్ ద్రవంలో మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది. ఐరోపా సమాఖ్య పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 20. ద్రవం నింపి అమ్మే ఒక్క చిన్న డబ్బీలో (పాడ్) దాదాపు ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా నికోటిన్, దానికి తోడు మామిడి, పుదీనా రుచులు. సిగరెట్ అయితే ఒకటి కాలి ఆరిపోతుంది, అక్కడ కాస్త విరామం ఉంటుంది. దీనికి అదీ లేదు, రోజంతా దమ్ము మీద దమ్ము లాగుతూనే ఉండొచ్చు.

అమెరికా హైస్కూల్ పిల్లల్లో వేప్ వాడుతున్నవాళ్లు 2017లో 11.7 శాతం, 2018లో 20.8, 2019లో 27.5. రెండేళ్లలో రెట్టింపు దాటింది. సర్జన్ జనరల్ 2016లోనే ఒక పూర్తి నివేదికతో పిల్లల మెదడు గురించి హెచ్చరించారు. 2018 చివర దీన్ని మహమ్మారి అని పిలవాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే దృష్టి మళ్లీ ఊపిరితిత్తుల వైపు మళ్లింది. 2019 వేసవిలో వేప్ వాడిన యువకులు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. చాలావాటికి కారణం గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేలింది. అది తేలగానే ‘మనది నికోటినే కదా, దీనికేం కాదు’ అన్న ధీమా చాలామందిలో మిగిలిపోయింది. చావులు కనిపిస్తాయి, లెక్కకు వస్తాయి. తొమ్మిదో తరగతి పిల్ల పుస్తకం ముందు కూర్చుని మనసు నిలవక లేచిపోతే ఆ లెక్క ఎవరూ రాయరు.

ఆ తర్వాత చట్టాలు వరసగా వచ్చాయి. భారత్ 2019లో ఇ-సిగరెట్లను పూర్తిగా నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా పొగాకు ఉత్పత్తులు కొనే వయసును 21కి పెంచింది. 2020లో అక్కడ పాడ్‌లలో పండ్ల రుచుల మీద ఆంక్షలు పెట్టారు గానీ, వాడి పారేసే వేప్‌లను ఆ ఆంక్షల్లోంచి వదిలేశారు. పిల్లలు నెలల్లోనే వాటికి మారిపోయారు. బ్రిటన్ 2025 జూన్ నుంచి వాడి పారేసేవాటిని నిషేధించింది. అమెరికా హైస్కూళ్లలో వాడకం 2024 నాటికి 7.8 శాతానికి దిగింది. ఇది నిజంగా మంచి వార్త. కానీ అదే సర్వేలో, వాడుతున్న బడిపిల్లల్లో నాలుగోవంతుకు పైగా రోజూ వాడుతున్నామని చెప్పారు. సరదాగా వాడేవాళ్లు తప్పుకున్నారు, పట్టు బిగిసినవాళ్లు మిగిలారు.

ఆ మిగిలినవాళ్ల గురించి పరిశోధనలు ఈమధ్యే మొదలయ్యాయి. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ ఫోన్‌కు సహాయ మెసేజ్‌లు పంపే పద్ధతిని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. ఏడు నెలల తర్వాత మెసేజ్‌లు అందుకున్నవాళ్లలో 37.8 శాతం మంది వేప్ మానేశారు, అందుకోనివాళ్లలో 28 శాతం. 2025లో వచ్చిన మరో పరీక్షలో 16 నుంచి 25 ఏళ్లవాళ్లకు, సిగరెట్ మాన్పించడానికి పెద్దవాళ్లకు ఇచ్చే వరెనిక్లిన్ మాత్ర ఇచ్చారు. పన్నెండు వారాలు మందు వాడినవాళ్లలో సగం మంది ఆఖరి నెలంతా వేప్ ముట్టలేదు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో అలా ఉన్నవాళ్లు 14 శాతమే. ఈ రెండు రకాలవాళ్లకూ మాట్లాడి ధైర్యం చెప్పే మనిషి సాయం కూడా ఉంది.