పర్చేజ్ వాళ్ళ సంఘం అంటే సమోసా మీటింగేనా? అపోహలు, వాస్తవాలు

పర్చేజ్‌లో, అంటే కంపెనీకి కావలసిన సరుకు కొనే విభాగంలో, ఇరవై రెండేళ్ళయింది. సరుకు లేటయితే ప్రొడక్షన్ వాళ్ళు తిడతారు, ముందే వస్తే స్టోర్స్ వాళ్ళు తిడతారు, బిల్లు ఆగితే పార్టీ, అంటే మాకు సరుకు అమ్మే వెండరు, తిడతాడు. అది అలవాటే. హైదరాబాద్‌లో మా కొనుగోలు ఉద్యోగుల సంఘంలో పదమూడేళ్ళుగా సభ్యుణ్ణని, మధ్యలో రెండేళ్ళు కార్యదర్శిగా కూడా చేశానని తెలిసినప్పుడు పడే మాటలు మాత్రం వేరే రకం. వాటిలో కొన్ని అపోహలు. కొన్ని ఒకప్పుడు నిజాలే, ఇప్పుడు కావు.

అపోహ: అది కమీషన్ల వాళ్ళ క్లబ్బు. ఖర్చంతా వెండర్లే పెట్టుకుంటారు.

రెండో మాట కొన్నేళ్ళ కిందటి దాకా నిజమే, ఒప్పుకుంటాను. నెలకోసారి హోటల్లో మీటింగు, వెనక గోడకు ఎవరో బేరింగుల డీలరు బ్యానరు, ఉపన్యాసంలో సగం వాళ్ళ సరుకు గొప్పలు, ఆపైన బఫే. తిన్నవాళ్ళలో సగం మంది దగ్గర మర్నాడు ఆ డీలరు కొటేషన్ ఉండేది. తప్పు చేశారని అనను. కానీ పొద్దున్నే రేట్లన్నీ పక్కపక్కన పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేసుకుంటుంటే ఆ బిర్యానీ గుర్తుకు రాకుండా ఉంటుందా?

నెలవారీ మీటింగులకు వెండర్ల డబ్బు తీసుకోవద్దని తీర్మానం పెట్టాం. డెబ్బై మంది దాకా వచ్చే చోట మరుసటి నెల పదకొండు మంది వచ్చారు. ఖజాంచి నా మొహం చూశాడు, నేను ఫ్యాను వంక చూశాను. జీడిమెట్లలో ఒక హాలు తక్కువ అద్దెకు దొరికింది. అప్పట్నుంచి సభ్యుల చందా డబ్బుతోనే టీ, మిర్చి బజ్జీ. మళ్ళీ నలభై మందిదాకా రావడానికి ఏడాదిన్నర పట్టింది. డెబ్బై మాత్రం మళ్ళీ చూడలేదు. తగ్గిన ఆ ముప్ఫై మంది బఫే కోసమే వచ్చేవాళ్ళని నా అనుమానం.

అపోహ: అందరం ఒక మాట మీద ఉంటే పార్టీలు రేట్లు దించక చస్తారా!

కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి మూడు నెలల్లో అనే మాట ఇది. నేనూ అన్నాను.

2021లో క్రాఫ్ట్ పేపరు ధర పెరిగి, అట్టపెట్టెల పార్టీలందరూ ఒకే వారంలో రేటు పెంపు లెటర్లు పంపారు. మా సభ్యుడొకాయన లేచి, "అన్నా, మనం ఇరవై కంపెనీలున్నాం. ఇంతకు మించి ఇచ్చేది లేదని అందరం ఒకే జవాబు పంపుదాం" అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. న్యాయంగానే అనిపిస్తుంది కదా!

పోటీ చట్టం 2002లోని 3వ సెక్షన్ దానికి ఒప్పుకోదు. అందులో అమ్మకం ధరలే కాదు, కొనుగోలు ధరల మాట కూడా ఉంది. ఒకే రకం వ్యాపారంలో ఉన్నవాళ్ళు నేరుగా గానీ, చుట్టుతిప్పి గానీ ధర ఖరారు చేసుకునే ఒప్పందం పోటీకి హానికరమని చట్టం ముందే భావిస్తుంది. సంఘాలు తీసుకునే నిర్ణయాలకూ ఇది వర్తిస్తుంది. "మేం అమ్మేవాళ్ళం కాదు, కొనేవాళ్ళం" అంటే సరిపోదు. "ఫలానా పార్టీకి ఎవరం ఆర్డర్లు ఇవ్వొద్దు" అని కట్టుబాటు పెట్టుకోవడం కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. చిన్న యూనిట్లు కలిసి బాహాటంగా ఒక ఏర్పాటు కింద సరుకు కొనుక్కోవడం వేరే సంగతి. దానికి లాయర్ని అడగాలి, వాట్సాప్ గ్రూపును కాదు.

గ్రూపు అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఒక రాత్రి ఎవరో ఆఫీసులో పంపాల్సిన ఫొటో మా గ్రూపులో పెట్టేశారు. అది కంపారిటివ్ స్టేట్‌మెంట్. మూడు పార్టీల పేర్లు, మూడు రేట్లు, అన్నిటికన్నా తక్కువ రేటైన ఎల్‌1 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. నాలుగు నిమిషాల్లో తీసేశారు, ఈలోపు ఎంతమంది చూశారో ఎవరికి తెలుసు! అప్పట్నుంచి మాకో నియమం ఉంది. లీడ్ టైము (ఆర్డరిచ్చాక సరుకు రావడానికి పట్టే సమయం) గురించి మాట్లాడొచ్చు, క్వాలిటీ గురించి మాట్లాడొచ్చు, చట్టం గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు. రేటు ఎత్తితే మాత్రం అక్కడున్న ఎవరైనా ఆపొచ్చు.

అపోహ: పేరు మారింది, సప్లై చైన్ అని పెట్టారు, ఇక సంఘం మారినట్టే.

అమెరికాలో 1915లో పర్చేజింగ్ ఏజెంట్ల జాతీయ సంఘంగా పుట్టింది, 1968లో పర్చేజింగ్ మేనేజ్‌మెంట్ సంఘమైంది, 2002 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఫర్ సప్లై మేనేజ్‌మెంట్. బ్రిటన్‌లో 1932లో పర్చేజింగ్ ఆఫీసర్ల సంఘంగా మొదలైన వరుసే 1992లో రాయల్ చార్టర్ తెచ్చుకుని ఇవాళ్టి సిప్స్ (చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రొక్యూర్‌మెంట్ అండ్ సప్లై) అయింది. మన దేశంలో పెద్ద సంస్థ పేరులో ఇప్పటికీ 'మెటీరియల్స్ మేనేజ్‌మెంట్' అనే ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ (ఐ.ఐ.ఎం.ఎం.). దాని పనికి అదేం అడ్డు రాలేదు.

మా సంఘం పేరు చివర 'సప్లై చైన్' తగిలించాలా వద్దా అని రెండు సర్వసభ్య సమావేశాలు వాదించుకున్నాం. ఆ రెండు సాయంత్రాలూ ఒక్క ఇండెంట్ (సరుకు కావాలని రాసే చీటీ) గురించి, ఒక్క సరుకు గురించి ఎవరూ మాట్లాడలేదు. చివరికి తగిలించాం. బోర్డు మార్చిన ఖర్చు తప్ప ఏమీ కాలేదు.

అపోహ: మీటింగులో చెప్పేవన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి.

ఉపన్యాసాలైతే దొరుకుతాయి. కానీ 2024 ఫిబ్రవరి మీటింగు ఎక్కడా దొరకదు.

ఆ నెల మా వృత్తిలో అందరి నోటా ఒకటే మాట, ఆదాయపు పన్ను చట్టంలో కొత్తగా వచ్చిన 43బి(హెచ్) క్లాజు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా డబ్బు కట్టకపోతే, ఆ కొనుగోలు ఖర్చును కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి, కొన్న ఏడాదిలో కుదరదు. అంటే ఆ ఏడాది పన్ను పెరుగుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచే అమలు. మార్చి 31 దగ్గరపడుతోంది. ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో కొనుగోళ్ళు చూసే కుర్రాడు లేచాడు. "సార్, మా అకౌంట్స్ సారు చిన్న పార్టీల ఆర్డర్లన్నీ ఆపెయ్, పెద్దోళ్ళ దగ్గర కొను అంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇస్తున్న పార్టీలు సార్. ఏం చెప్పను?"

ఆ సాయంత్రం పిలిచిన వక్త వేదిక దిగి వచ్చి మాతో కూర్చున్నాడు. బోర్డు మీద మూడు గళ్ళు గీశాం. పార్టీకి ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందా? సూక్ష్మమా, చిన్నదా, మధ్యతరహానా? తయారీదారా, సర్వీసా, ఒట్టి ట్రేడరా? మధ్యతరహా అయితే ఈ క్లాజు వర్తించదు. ట్రేడర్లకు ఉద్యమ్ నమోదు ఇస్తున్నా, అది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం కోసమే. రాణిగంజ్‌లో మేం పైపులు, వాల్వులు కొనే పార్టీల్లో సగం ఒట్టి ట్రేడర్లే, వాళ్ళకు ఈ క్లాజు వర్తించదని అక్కడే తేలిపోయింది. కుర్రాడి మొహంలో కాస్త రక్తం కనిపించింది.

గడువు ఎన్ని రోజులన్న లెక్క దగ్గరికి వచ్చేసరికి కథ తిరిగింది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే అందులో రాసుకున్న గడువు, కానీ 45 రోజులు దాటకూడదు. పి.ఓ.లో (కొనుగోలు ఆర్డరులో) 90 రోజులని రాసుకున్నా చెల్లదు. ఇంతవరకు అందరికీ తెలుసు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ఫార్మా కంపెనీ మేడమ్ అడిగింది. "మా దగ్గర మెటీరియల్ వచ్చాక క్యూ.సి.లో, అంటే నాణ్యత తనిఖీలో, ఇరవై రోజులుంటుంది. క్యూ.సి. పాసైన రోజు నుంచే కదా లెక్క?"

కాదు. ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం 2006 ప్రకారం, సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజే అంగీకరించిన రోజు. అభ్యంతరం రాస్తే, అది తీరిన రోజు నుంచి లెక్క. ఫోన్లో "ఇదేంటయ్యా ఇలా పంపావు" అని అరిస్తే అది అభ్యంతరం కాదు. ఆమె దగ్గర క్యూ.సి. రిపోర్టు ఇరవయ్యో రోజున వచ్చేది. అంటే అభ్యంతరం చెప్పే హక్కు అప్పటికే ఐదు రోజుల కింద పోయింది, ఆమెకు తెలియకుండానే. హాలంతా నిశ్శబ్దం. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ, పైగా ఆ వడ్డీని పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేం అని ఎవరో అన్నాక గుసగుసలు మొదలయ్యాయి.

మరుసటి నెల ఆమె ఒక కాగితం తెచ్చింది. జి.ఆర్.ఎన్. (సరుకు అందినట్టు స్టోర్స్ రాసే చీటీ) పడ్డ పదో రోజున ఆన్‌లైన్‌లో గుర్తు చేసే ఏర్పాటు, క్యూ.సి.లో లోపం కనపడితే అదే రోజు పార్టీకి వెళ్ళాల్సిన మెయిల్ నమూనా. అరపేజీ. ఇప్పుడు మా సభ్యుల్లో చాలా కంపెనీల్లో ఆ అరపేజీయే నడుస్తోంది. అది తయారు చేసింది ఆమె. మా కమిటీ చేసిందల్లా జిరాక్స్ తీయించడమే.

అపోహ: కమిటీ ఉంది కదా, వాళ్ళు చూసుకుంటారు.

మా పాత పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది. ఐదుగురు పెద్దమనుషులు, ఐదు పదవులు, రెండేళ్ళకోసారి కుర్చీలు మారేవి, మనుషులు మారేవాళ్ళు కాదు. సర్వసభ్య సమావేశానికి కోరం లేక అరగంట వాయిదా, మళ్ళీ అదే పదిమందితో సభ, తీర్మానాలన్నీ ఏకగ్రీవం. ఏకగ్రీవం కాక ఏమవుతుంది, కాదనే వాడు ఇంట్లో టీవీ చూస్తుంటే!

ఒకే పదవి వరసగా రెండోసారి కుదరదని నిబంధన తెచ్చాం. పెద్దవాళ్ళు కొందరు నొచ్చుకున్నారు. ఒకాయన నాతో ఏడాది మాట్లాడలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. నాకు కొటేషన్ చదవడం నేర్పింది ఆయనే.

నిబంధన కన్నా ఎక్కువ పనిచేసింది ఇంకోటి. 'సంఘానికి సేవ చేయండి' అని అడగడం మానేసి, 'వచ్చే నెల మీ స్టోర్స్‌లో గొడవ తెచ్చిన ఒక వస్తువు పట్టుకురండి, పది నిమిషాలు చెప్పండి' అని అడగడం మొదలుపెట్టాం. సేవ అంటే పారిపోయే మనిషి, తన గొడవ చెప్పుకోమంటే వస్తాడు.

ఒక నెల చర్లపల్లి నుంచి ఒకాయన రెండు స్టెయిన్‌లెస్ ఫ్లాంజిలు (పైపులను కలిపే చక్రాలు) తెచ్చాడు. రెంటి మీదా స్టీలు రకం 316 అని పంచ్ ఉంది. "మాగ్నెట్ పెట్టి చూశాం సార్, అంటుకోలేదు, ఓకే చేశాం" అన్నాడు. మాగ్నెట్ 304 అనే చవక రకాన్నీ 316నూ వేరు చేసి చెప్పలేదు. రెండూ మామూలుగా అంటుకోవు. తేడా మాలిబ్డినంలో ఉంది. 316లో 2 నుంచి 3 శాతం ఉంటుంది, 304లో ఉండదు. చిన్న సీసాలో మాలీ (మాలిబ్డినం) టెస్ట్ ద్రావణం, ఒక బ్యాటరీ. టేబుల్ మీదే చుక్క వేశాం. ఒకదాని మీద రంగు తిరిగింది. రెండోది అలాగే ఉండిపోయింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ 316 పంచ్‌ను బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు చూశాడు. ఆసిడ్ లైనుకు వేశారట అవి. పద్నాలుగు.

అపోహ: సర్టిఫికెట్ వచ్చేశాక సభ్యత్వం దండగ.

అన్ని చోట్లా ఒకటే లెక్క కాదు. సిప్స్ వాళ్ళ ఎం.సి.ఐ.పి.ఎస్. లాంటి అక్షరాలు సభ్యత్వం నడుస్తున్నంత కాలమే పేరు పక్కన రాసుకోవాలి. చందా కట్టడం ఆపితే అక్షరాలూ ఆపాలి. రెజ్యూమెలో పెట్టుకున్న కుర్రాళ్ళు ఒకసారి చూసుకోండి.

అపోహ: మన పర్చేజ్ వాళ్ళ మాట ఎవడు వింటాడు?

పేపర్లో నెలనెలా 'తయారీ రంగం పీ.ఎం.ఐ. పెరిగింది, తగ్గింది' అని చదువుతారు కదా. పీ.ఎం.ఐ. అంటే పర్చేజింగ్ మేనేజర్స్ ఇండెక్స్. ఆ 'పీ' పర్చేజింగే. అమెరికాలో 1931లో ఈ సర్వే మొదలుపెట్టింది పైన చెప్పిన పర్చేజింగ్ వాళ్ళ సంఘమే. మన దేశంలో సుమారు 400 తయారీ కంపెనీల పర్చేజింగ్ మేనేజర్లకు ప్రశ్నలు పంపి ఈ సూచీ కడతారు. ఆర్డర్లు పోయిన నెల కన్నా పెరిగాయా? సరుకు అందడం ఆలస్యమవుతోందా? స్టాకు ఎలా ఉంది? 50కి పైన ఉంటే పెరుగుదల, కింద ఉంటే తగ్గుదల. షేర్ మార్కెట్ ఆ అంకె కోసం కాచుక్కూర్చుంటుంది.

మా మీటింగు మొదట్లో ఐదు నిమిషాలు అవే ప్రశ్నలు అడిగి చేతులెత్తమంటున్నాం. రేట్లు లేవు, కంపెనీ పేర్లు లేవు. పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా అంతే. పోయిన నెల 'సరుకు లేటవుతోంది' అన్నప్పుడు ముప్ఫై నాలుగు మందిలో ఇరవై ఆరు చేతులు లేచాయి. పాత కార్యదర్శి, నాతో ఏడాది మాట్లాడని పెద్దాయన, ఆ రోజు వెనక కూర్చుని ఉన్నాడు. ఆయన చెయ్యి కూడా లేచింది. రిటైరై మూడేళ్ళయింది ఆయన. "మీకేం లేటయింది సార్?" అని అడిగాను. "ఇంటికి గ్రిల్ ఆర్డరిచ్చానోయ్, నెలన్నరయింది, వాడు ఫోనెత్తడం లేదు" అన్నాడు.

ఇరవై ఐదుగానే రాసుకున్నాం.