లండన్ భూగర్భ రైలు: సొరంగం కొలత తెలియక పుట్టిన అపోహలు

సొరంగాలలో గాలి ప్రసరణ, వేడి నియంత్రణ నా వృత్తి. ఈ రంగంలో ఎవరు పనిచేసినా లండన్ భూగర్భ రైలు చరిత్రను చదవక తప్పదు. ఈ విద్యలోని తొలి పొరపాట్లలో చాలా భాగం అక్కడే జరిగాయి, వాటిలో కొన్నింటికి మందు కూడా అక్కడే దొరికింది. ఆ రైలు గురించి పర్యాటకులలోనూ పత్రికలలోనూ ప్రచారంలో ఉన్న అపోహలను పరిశీలిస్తే, ఎక్కువ భాగానికి మూలం ఒక్కటేనని నాకు అనిపిస్తుంది. ఏ సొరంగాన్ని ఏ సంవత్సరంలో, ఏ మట్టిలో, ఎంత వెడల్పుతో తవ్వారన్న ప్రశ్న ఎవరూ వేయరు. రైళ్లు మారతాయి, సిగ్నళ్లు మారతాయి, టికెట్లు మారతాయి. ఒకసారి తవ్విన రంధ్రం మాత్రం వంద ఏళ్ల తరువాత కూడా తన కొలతనే శాసిస్తుంది.

అపోహ: అండర్‌గ్రౌండ్ అన్నారు కాబట్టి అది మొత్తం భూమి లోపలే నడుస్తుంది.

సుమారు 402 కిలోమీటర్ల మార్గంలో దాదాపు 45 శాతం మాత్రమే సొరంగాలలో ఉంది. మిగిలినదంతా ఆరుబయటే. ఇది చిన్న విషయమే. ఆ సొరంగాలు రెండు జాతులకు చెందినవన్నది పెద్ద విషయం, దాన్ని గుర్తుంచుకుంటే మిగతా అపోహలు సగం వాటంతటవే విడిపోతాయి.

మొదటి జాతి 1863 జనవరి 10న పాడింగ్టన్, ఫారింగ్డన్‌ల మధ్య సుమారు ఆరు కిలోమీటర్ల మార్గంతో ప్రారంభమైంది. రోడ్డును పైనుంచి తవ్వి, ఇరువైపులా ఇటుక గోడలు లేపి, కమాను కప్పు వేసి, దాని మీద మళ్లీ రోడ్డు పరచారు. ఈ ఆలోచన కోసం ఏళ్ల తరబడి వాదించిన చార్లెస్ పియర్సన్ ప్రారంభానికి కొన్ని నెలల ముందే 1862లో మరణించాడు. ఇవి లోతు లేని, వెడల్పైన సొరంగాలు. రెండవ జాతి 1890లో స్టాక్‌వెల్ నుంచి థేమ్స్ నది కిందుగా కింగ్ విలియం స్ట్రీట్ వరకు వచ్చిన మార్గంతో మొదలైంది. జేమ్స్ గ్రేట్‌హెడ్ ఇనుప కవచాన్ని బంకమట్టిలోకి నెడుతూ, వెనుకనే పోత ఇనుప వలయాలు బిగిస్తూ, వీధిని తవ్వకుండానే లోతున గుండ్రని గొట్టాన్ని నిర్మించాడు. ట్యూబు అన్న పేరు ఆ ఆకారం వల్లనే వచ్చింది. ఆ తొలి గొట్టం లోపలి వ్యాసం సుమారు 3.1 మీటర్లు మాత్రమే. తరువాతి ట్యూబులను సుమారు 3.56 మీటర్లకు పెంచారు. ఆ సంఖ్య ఇంకా చాలాసార్లు వస్తుంది.

అపోహ: విద్యుత్తు వచ్చాకే భూగర్భ రైలు సాధ్యమైంది.

మొదటి 27 సంవత్సరాలు అక్కడ నడిచినవన్నీ ఆవిరి ఇంజన్లే. సొరంగంలో ఉన్నంతసేపు వాడిన ఆవిరిని నీటి తొట్టెలోకి మళ్లించి చల్లబరిచే ఏర్పాటు ఇంజన్లకు ఉండేది. ఆకాశం కనబడే చోటుకు రాగానే ఆవిరిని వదిలేవారు. అలాంటి ఒక ఖాళీని దాచడానికే లీన్‌స్టర్ గార్డెన్స్ వీధిలో 23, 24 నంబర్ల ఇళ్లకు ముఖభాగాన్ని మాత్రమే కట్టారు. వాటి తలుపులు తెరుచుకోవు, వెనుక గదులు లేవు, పట్టాలు ఉన్నాయి. ఈ ఇళ్లను చూసి నవ్వుకునేవారు ఉంటారు గానీ, నా దృష్టిలో అవి వీధి సౌందర్యాన్ని చెడగొట్టకుండా గాలిబావిని కట్టిన తొలి ఉదాహరణలలో ఒకటి. లోతైన ట్యూబులకు ఆ సౌకర్యం లేదు, అందుకే వాటికి విద్యుత్తు అవసరమైంది. నిజానికి 1890 నాటి మార్గాన్ని కూడా మొదట తాళ్లతో లాగే రైళ్ల కోసమే రూపొందించారు. విద్యుత్తు నిర్ణయం నిర్మాణం మధ్యలో వచ్చింది. సొరంగం కొలత మాత్రం అప్పటికే ఖాయమైపోయింది.

అపోహ: ప్లేగు శవాల గోతులను తప్పించడానికే సొరంగాలు వంపులు తిరిగాయి.

ఇది అందరికీ ఇష్టమైన కథ. ముఖ్యంగా నైట్స్‌బ్రిడ్జ్ దగ్గర పికడిల్లీ లైను వంపు గురించి మార్గదర్శకులు దీన్ని తరచు చెబుతారు. దీనికి ఆధారం లేదు, ఇంజినీరింగ్ దృష్టితో చూసినా పొసగదు. పూడ్చిపెట్టిన గోతులు కొద్ది మీటర్ల లోతులో ఉంటాయి, ట్యూబు వాటికి చాలా కింద, చెక్కుచెదరని బంకమట్టిలో పోతుంది. వంపులకు అసలు కారణం భయం కాదు, డబ్బు. ప్రైవేటు స్థలం కిందుగా వెళ్తే ఆ యజమానికి పరిహారం చెల్లించాలి, ప్రజా రహదారి కిందుగా వెళ్తే ఆ బెడద తక్కువ. అందుకే తొలి ట్యూబులు పై వీధులను అనుకరిస్తూ మెలికలు తిరిగాయి, వీధి మరీ ఇరుకైన చోట రెండు సొరంగాలను పక్కపక్కన కాక ఒకదాని మీద ఒకటిగా తవ్వారు. ప్లాట్‌ఫాం మీద సందు గురించి నేటికీ వినిపించే హెచ్చరిక కూడా వంపు తిరిగిన ప్లాట్‌ఫాంల వల్ల వచ్చినదే: తిన్నని పెట్టె వంపు అంచుకు పూర్తిగా ఆనదు.

ఎముకలు మాత్రం నిజంగానే దొరికాయి, అయితే చాలా కాలం తరువాత, వేరే మార్గంలో. 2022 మే 24న ప్రారంభమైన ఎలిజబెత్ లైను కోసం లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషను వద్ద పైనుంచి తవ్వినప్పుడు, పాత బెడ్లాం శ్మశానవాటికలో మూడు వేలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. కొన్నింటి దంతాలలో 1665 నాటి ప్లేగు సూక్ష్మజీవి జాడలు ఉన్నట్లు 2016లో తేలింది. వాటిని చూసి రైలు మార్గం వంగలేదు. పురావస్తు నిపుణులు వచ్చి వాటిని తీశారు, పని సాగింది.

అపోహ: దక్షిణ లండన్‌పై వివక్షతోనే అక్కడ లైన్లు తక్కువ వేశారు.

ఉత్తరాన మేలైన బంకమట్టి దొరుకుతుంది, దక్షిణాన చాలాచోట్ల నీరు ఊరే ఇసుక, గులకరాళ్ల పొరలు తగులుతాయి. దానికి తోడు అక్కడ నేల మీద నడిచే శివారు రైళ్లు ముందే బలంగా పాతుకుపోయి ఉన్నాయి. ఈ రెండింటి తరువాత వివక్షకు మిగిలే పాత్ర తక్కువ.

అపోహ: లోపల వేడి జనం వల్లే. రైళ్లలో ఏసీ పెడితే తీరిపోతుంది, పెట్టకపోవడం పిసినారితనం.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కొంత వివరంగా చెబుతాను. మనుషుల శరీరాల వేడి మొత్తంలో స్వల్ప భాగం. అత్యధిక భాగం రైలుదే, అందులోనూ బ్రేకులది. ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు కూడబెట్టుకున్న వేగాన్నంతా రైలు ప్రతి నిమిషమో రెండు నిమిషాలకో వేడిగా మార్చి సొరంగంలో వదిలిపెడుతుంది. ఆ వేడి చుట్టూ ఉన్న బంకమట్టిలోకి పోతుంది. తొలినాళ్లలో ఆ మట్టి సుమారు 14 డిగ్రీల వద్ద ఉండేది. వేసవిలో చల్లదనం కోసం కిందికి రమ్మని ఆనాడు ప్రకటనలు వేసేవారంటే ఈనాటి ప్రయాణికుడు నమ్మలేడు. బంకమట్టి వేడిని తేలికగా ముందుకు పంపదు, పట్టి ఉంచుతుంది. వంద ఏళ్లకు పైగా దాచుకుంటూ వచ్చిన తరువాత, సొరంగాల చుట్టూ ఉన్న మట్టి నేడు 20 డిగ్రీలు దాటి, కొన్నిచోట్ల 25 డిగ్రీల దరిదాపులకు చేరింది. ఇక అది మునుపటిలా చల్లబరచదు.

ఇప్పుడు ఏసీ సంగతి. ఏసీ వేడిని నశింపజేయదు, లోపలి నుంచి బయటికి తోస్తుంది. ఇంటికైతే ఆ బయట అంటే ఆకాశం. ట్యూబు రైలుకు బయట అంటే అదే సొరంగం. రైలులోని ప్రయాణికుడికి చల్లగా ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద ఎదురుచూసేవాడు ఉడుకుతాడు. పైగా 3.56 మీటర్ల గొట్టంలో రైలు పైకప్పుకు, సొరంగపు గోడకు మధ్య యంత్రం అమర్చే చోటు లేదు. వెడల్పైన పాత సొరంగాలున్న మెట్రోపాలిటన్, సర్కిల్ వంటి లైన్లకు 2010 నుంచి ఏసీ రైళ్లు రాగలిగాయి. అంటే 1863 నాటి ఇటుక సొరంగం ఇముడ్చుకున్న సౌకర్యాన్ని, అంతకంటే ఆధునికమైన ట్యూబు ఇముడ్చుకోలేకపోయింది.

పరిష్కారం బ్రేకు వద్ద మొదలుకావాలి. కొత్త రైళ్లు ఆగేటప్పుడు మోటార్లే విద్యుత్తును పుట్టించి పట్టాలకు తిరిగి ఇస్తాయి, ఆ మేరకు వేడి తగ్గుతుంది. 1900లో సెంట్రల్ లైను కట్టినవారు దీనికి మరో ఉపాయం కనిపెట్టారు: స్టేషన్లను చిన్న దిబ్బల మీద ఉన్నట్లు కాస్త ఎత్తులో పెట్టారు. రైలు ఎక్కుతూ దానంతట అదే నెమ్మదిస్తుంది, దిగుతూ వేగం పుంజుకుంటుంది. మా వృత్తిలో దీనికంటే చవకైన శీతలీకరణ యంత్రాన్ని నేను చూడలేదు. పికడిల్లీ లైను కోసం సీమెన్స్ సంస్థ నిర్మిస్తున్న 94 రైళ్లలో పక్కపక్క పెట్టెలను ఒకదానికొకటి కీళ్లలా కలిపారు. అలా చక్రాల సంఖ్య తగ్గి మిగిలిన చోటులోనే, లోతైన ట్యూబు రైళ్లలో మొట్టమొదటిసారిగా, ఏసీని ఇరికించగలిగారు. వేడిని పారేయవలసిన చెత్తగానే చూడనవసరం కూడా లేదు. 1922లో మూతపడిన సిటీ రోడ్ స్టేషను గాలిబావి నుంచి వచ్చే వెచ్చని గాలితో, 2020 నుంచి ఇజ్లింగ్టన్‌లో వెయ్యికి పైగా ఇళ్లకు వేడిని అందించే ఏర్పాటు నడుస్తోంది.

అపోహ: 1987 కింగ్స్ క్రాస్ అగ్నిప్రమాదాన్ని ఎగదోసింది రైళ్లు నెట్టిన గాలి.

ఇరుకు సొరంగంలో రైలు పిచికారీలోని పిస్టన్‌లా గాలిని ముందుకు తోస్తుంది కాబట్టి ఈ అనుమానం సహజమే. నవంబరు 18న 31 మంది ప్రాణాలు తీసిన ఆ మంట, ఒక చెక్క ఎస్కలేటరు కింద పేరుకున్న గ్రీజు, చెత్త మీద అగ్గిపుల్ల పడటంతో మొదలైంది. అది అంత హఠాత్తుగా పైహాలులోకి ఎందుకు ఎగిరిందో కంప్యూటర్ నమూనా ముందు చూపినప్పుడు నిపుణులు కూడా వెంటనే నమ్మలేదు. వాలుగా ఉన్న ఎస్కలేటరు గాడిలో మంట నిటారుగా లేవకుండా మెట్లకు అతుక్కుని పడుకుంటుంది, పై మెట్లన్నింటినీ ముందే వేడెక్కించి సిద్ధం చేస్తుంది, ఆపై ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. చిన్న నమూనాలు కట్టి తగలబెట్టి చూసిన తరువాతే అందరూ ఒప్పుకున్నారు. రైలు గాలి ప్రధాన దోషి కాదు.

అపోహ: డ్రైవర్లు లేని రైళ్లకు అడ్డు కార్మిక సంఘాలు మాత్రమే.

1968లో తెరిచిన విక్టోరియా లైను మొదటి రోజు నుంచే స్వయంచాలకంగా నడుస్తోంది. డ్రైవరు తలుపులు మూసి, బయలుదేరే బొత్తాం నొక్కుతాడు. ఇప్పుడు రద్దీ వేళల్లో గంటకు 36 రైళ్లు ఆ విధంగానే పోతున్నాయి. సంఘాల వ్యతిరేకత లేదని అనను. అయితే రైలు సొరంగం మధ్యలో ఆగిపోతే జనాన్ని ఎవరు, ఎటు దించుతారన్నది అంతకంటే కఠినమైన ప్రశ్న. ఎలిజబెత్ లైను సొరంగం లోపలి వ్యాసం 6.2 మీటర్లు, పక్కన నడిచే దారి ఉంది. ట్యూబులో ఆ దారికి చోటు లేదు. రైలు చివరి తలుపు తీసి, పట్టాల మీదికి దిగి, వరుసగా నడిచి రావాలి. ప్లాట్‌ఫాం అంచున అద్దాల తలుపులు 1999లో తెరిచిన జూబిలీ లైను పొడిగింపులోని భూగర్భ స్టేషన్లకు సులభంగా అమరాయి, వంపు తిరిగిన పాత ప్లాట్‌ఫాంలకు అంత తేలికగా అమరవు.

అపోహ: కొత్త పొడిగింపులతో ఈ ఇరుకు సమస్య తీరిపోతుంది.

సొరంగాన్ని వెడల్పు చేసిన సందర్భం ఉంది. 1890 నాటి 3.1 మీటర్ల గొట్టాన్ని 1922, 1924ల మధ్య ఇనుప వలయాలు విప్పి పెద్దది చేశారు. కొంతకాలం పగలు రైళ్లు నడుపుతూ రాత్రిళ్లు ఆ పని సాగించారు, 1923 నవంబరులో ఎలిఫెంట్ అండ్ కాసిల్ దగ్గర సొరంగం కూలి, పైన రోడ్డు కుంగి, గ్యాసు గొట్టం పేలేవరకు. ఆ తరువాత లైనును మూసి పూర్తి చేశారు. అంత చేసినా అందిన కొలత మిగతా ట్యూబులతో సమానం కావడానికి సరిపోయింది, అంతే. 2021 సెప్టెంబరు 20న బాటర్సీ వరకు తెరిచిన నార్తర్న్ లైను పొడిగింపులో కొత్త సొరంగాలు పాతవాటికంటే విశాలంగా ఉన్నాయి, గాలిబావులు కూడా నేటి లెక్క ప్రకారం కట్టారు. వాటిలో నడిచేది మాత్రం అదే చిన్న రైలు, ఎందుకంటే కెనింగ్టన్ స్టేషను దాటగానే అది పాత గొట్టంలోకి దూరాలి. లూయిషామ్ వరకు ప్రతిపాదించిన బేకర్లూ లైను పొడిగింపుకు ఎప్పుడు నిధులు ఖరారై పని మొదలైనా సరే, అక్కడ నడవబోయే రైలు ఎత్తును 1906లో ఆ లైను తెరిచినవారే నిర్ణయించి వెళ్లారు.